మన కాగితం మన ఇంట్లనే
(బాన్సువాడ మీటింగులో మాట్లాడిన పాఠం)



కేసు కాగితాలు పట్టుకరమ్మంటే మీరంతా ఫోన్లు తీసి చూపెట్టిన్రు. ఎఫ్ఐఆర్ కాపీ, దెబ్బల ఫోటోలు, అసైన్డ్ భూమి పట్టా అన్నీ అండ్లనే ఉన్నయి. గాని ఆ ఫోను నాటేసే మడిల పడితే ఏంగావాలె? మాకు ఒక కేసుల అట్లనే అయింది. వీడియో తీసిన పిల్లగాని ఫోను పాడైంది. గ్రూపుల పంపిన కాపీని ఎవ్వరూ దింపుకోలేదు, దినాలు గడిచినంక అది తెరుచుకోలేదు. సాక్ష్యం కోర్టు మెట్లు ఎక్కనే లేదు. తప్పు మాదే.

1984ల పటేల్ పట్వారీల వ్యవస్థ రద్దయిన సంగతి పెద్దోళ్ళకు యాదికున్నది. అంతదాకా మన భూమి లెక్క పట్వారీ దస్త్రంల ఉండె. మనం వాకిట్ల చేతులు కట్టుకొని నిలబడితిమి. ఇయ్యాల దస్త్రం పేరు సర్వరు అయింది. చుండూరుల మనోళ్ళను నరికింది 1991 ఆగస్టు 6న. ప్రత్యేక కోర్టు తీర్పు 2007ల వచ్చింది. శిక్ష పడ్డోళ్ళందరినీ హైకోర్టు 2014ల వదిలేసింది. అదే 2014ల గూగుల్‌వాళ్ళ ఆర్కుట్ మూతపడ్డది. దాని ఆయుష్షు పదేండ్లు, మన కేసు ఆయుష్షు ఇరవై మూడు.

సర్వరుల దాచకుండ ఫోను నుంచి ఫోనుకు, కంప్యూటరుకు నేరుగా ఫైళ్ళు చేరే పద్ధతి ఉన్నది. సింక్‌థింగ్ అంటరు. స్వీడన్ మనిషి యాకోబ్ బోర్గ్ 2013ల మొదలువెట్టిండు. పైసల్లేవు, కోడ్ అందరికీ తెరిచే ఉన్నది. ప్రతి యంత్రానికి ఒక పొడుగు గుర్తు ఉంటది. ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ ఒకరి గుర్తు ఒకరు ఒప్పుకుంటెనే సోపతి. ఫైలును ముక్కలు చేసి, మారిన ముక్కనే పంపుతది. ఒకే వైఫై మీదుంటే ఇంటర్నెట్ బందైనా నడుస్తది. దూరముంటే చిరునామా చెప్పే సర్వర్లు, దారి దొరకనప్పుడు మోసే సర్వర్లు ఉన్నయి. మోసేటోళ్ళకు లోపలిది కనవడదు, వాళ్ళు దాచుకోరు.

ఇగ దీని లోపాలు సుత చెప్పాలె. రెండు యంత్రాలు ఒకేపారి చాలుండాలె. ఒకరు ఫైలు తుడిపేస్తే అందరి దగ్గర తుడుచుకపోతది. పాత కాపీలు దాచే ఏర్పాటు అండ్ల ఉన్నది గాని మనమే పెట్టుకోవాలె. అందుకే సంఘం ల్యాప్‌టాపుల అది పెట్టినం, పైన పెన్ డ్రైవుల ఇంకో కాపీ. దారిల తాళం ఉంటది గాని ఫోన్ల ఉన్న ఫైలుకు తాళం ఉండదు. ఫోను గుంజుకున్నోడు చదువుతడు. అత్యాచారం కేసుల ఆడపిల్ల కాగితాలు ఆ ఇంటోళ్ళు ఒప్పుకున్నోళ్ళతోనే పంచుకోవాలె, అందరికీ కాదు.

ఆండ్రాయిడుకు వాళ్ళ అసలు యాప్ 2024 డిసెంబరుల ఆగింది, వేరేటోళ్ళు నడిపేది ఎక్కించుకోవాలె. వీడియో తీసిన ఫోను పాడైనా పారెయ్యకున్రి. 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద దానికి సర్టిఫికెట్ అడుగుతరు.

మీటింగయినంక ల్యాప్‌టాపు ఈ బల్ల మీదనే ఉంటది. ఒక్కొక్కరు రాన్రి, ముందుగాల కేసులున్న ఇండ్లోళ్ళు.