మహావృక్షముల చెంత పెరటితోట
(తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చదువబడిన ప్రసంగము)



కొత్తవలస నుండి కిరండూలు వరకు రైలుమార్గము పడి, 1968లో బైలాడిలా కొండలపై ఇనుప ఖనిజపు త్రవ్వకము ఆరంభమైన పిదప, తెలుగు కుటుంబములనేకము ఈ అడవిసీమకు వచ్చినవి. తులసికోట, మల్లెపాదు, గోంగూరమడి వారి వెంటనే వచ్చినవి. కాని సాలవృక్షములును, ఇప్పలును, చింతలును అంతకు ముందునుండియే ఇచ్చట నున్నవి. పెరటిలో అట్టి చెట్టున్నచో, దాని చెంత మల్లె ఏల ఎదుగదను ప్రశ్న ఇల్లాండ్రకు కలుగుట సహజము.

కారణము నీడ యొక్కటియే కాదు. చెట్టువేళ్లు కొమ్మల కొనలను దాటి బహుదూరము ప్రాకును. నీటిని పీల్చు సన్నవేళ్లలో అధికభాగము పై రెండడుగుల మట్టిలోనే యుండును. మల్లెకు పోసిన నీరును, వేసిన ఎరువును ముందుగా చెట్టే గ్రహించును.

గొడ్డలితో వేళ్లు నరుకుట ఇందుకు మందు కాదు. మొదటి దగ్గరి లావువేళ్లే చెట్టును నిలుపునవి. వానిని తెంపినచో గాలివానకు చెట్టు ఇంటిపైననే కూలవచ్చును. సన్నవేళ్లు తెంపినను అవి తడిమట్టిని వెదకికొని మరల వచ్చును. మట్టి ఎత్తుగా పోసి మడి కట్టుటయు కీడే. వేళ్లకు గాలి యాడదు, మొదటి బెరడు కుళ్లును.

కోనసీమ రైతు కొబ్బరిచెట్ల నడుమ కందను, పసుపును పండించును. ఈ రైలుమార్గముననే యున్న అరకు ప్రాంతమున కాఫీ సిల్వరుఓకు నీడలో పెరుగును. ఆ మార్గమే ఇచ్చటను అనుసరణీయము. పసుపు, అల్లము, కంద, చేమ నీడకోర్చును. తొలకరిలో వేళ్ల సందులను చిన్న గుంటలు తీసి దుంపలు నాటవలెను. లావువేరు తగిలినచో గుంటను ప్రక్కకు జరుపవలెను. రాలిన ఆకులను మొదటికి తగులకుండ రెండంగుళముల మందమున పరచవలెను. దినదినము నీరు చిలుకరించుటకన్న, అప్పుడప్పుడు నేల లోతుగా తడియునట్లు పోయుట మేలు. మల్లె, గోంగూర ఎండను కోరునవి; వానిని చెట్టుకు దూరముగనో, ఎండ తగులుచోట కుండీలలోనో పెంచవలెను. కుండీని ఇటుకలపై నిలిపినచో అడుగు రంధ్రముగుండ చెట్టువేళ్లు లోనికి చొరవు.

బస్తరు ఆదివాసి కుటుంబములకు ఇప్పపూవు ఆహారమును, ఆదాయమును గూడ. ఉద్యోగి బదిలీపై పోవును, చెట్టు నిలుచును. నాలుగేండ్ల మల్లెకై తరముల ఇప్పను బలియిచ్చుట తగదు. కావున రానున్న తొలకరికి ప్రతి పెరటను గొడ్డలిని అటకపై నుంచి, చెట్టునీడలో పసుపుకొమ్ములు నాటుదురు గాక!