పింగాణీ పగలదా?



మనలో పంటికి తొడుగు వేయించుకున్నవారున్నారు. తుంటి కీలు మార్పించుకున్నవారూ ఉన్నారు. "పింగాణీదట, పగిలిపోదా?" అన్నది ఇంటిల్లిపాదికీ వచ్చే అనుమానం. చదివి తెలుసుకున్నంతలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ పింగాణీ పేరు జిర్కోనియా. సుమారు 2,700 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కరగదు. ఘన సెంటీమీటరు 6 గ్రాములు తూగుతుంది. వేడిని ప్రసరింపజేయడంలో బంగారంలో నూరో వంతు. అందుకే దీని తొడుగు కింది పంటికి వేడి కాఫీ సెగ తొందరగా తగలదు. జెట్ ఇంజన్ల రెక్కలకు దీని పూత వేసేదీ అందుకే.

అయితే శుద్ధ జిర్కోనియాను కొలిమిలో కాల్చి చల్లారిస్తే, లోపలి స్ఫటికాలు అమరిక మార్చుకుని, నూటికి 4, 5 పాళ్లు ఉబ్బి, ముక్క చీలిపోతుంది. యిట్రియా అనే ఆక్సైడు కొద్దిగా కలిపితే ఆ మార్పు ఆగుతుంది. ఆ తరువాత ఎక్కడైనా బీట పుడితే, దాని మొన దగ్గరి స్ఫటికాలు మాత్రం అప్పుడు మారి, ఉబ్బి, బీటను నొక్కి పట్టుకుంటాయి. చీల్చే గుణమే కాపాడే గుణమైందన్నమాట! జిర్కోనియాకున్న ఈ శక్తిని 1975లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించి, ఉక్కుతో పోల్చారు.

కాని తడిలో ఏళ్ల తరబడి ఉంటే, బీట లేకుండానే పైపొర స్ఫటికాలు మారవచ్చు. ఐరోపాలో ఒక కంపెనీ కాల్చే కొలిమిని మార్చింది. ఆ కొలిమిలో తయారైన తుంటి బంతులు కొన్ని రోగుల ఒంట్లోనే పగిలాయి. 2001లో వాటిని వెనక్కి పిలిపించారు. పదార్థం అదే, పేరూ అదే. తేడా వచ్చింది కాల్చిన తీరులో. ఇప్పుడు తుంటి బంతులకు ఎక్కువగా అల్యూమినాలో కొంత జిర్కోనియా కలిపి వాడుతున్నారు. పగలడం బహు అరుదు.

అనుమానం వచ్చిన రోజున మన ఒంట్లో ఉన్నది ఏ రకమో, ఏ బ్యాచిదో చెప్పేది నంబరే. కాగితాలతో కాపురం చేసిన గుమాస్తాను గనుక ఒక్క మాట. ఆపరేషనయ్యాక ఆ బంతి పెట్టె మీది లేబులు అడిగి తీసుకోండి. పి.పి.ఓ. పక్కనే భద్రపరచండి. అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. పింగాణీ గట్టిదే; మరచిపోయేది మనమే.