పలకరింపు – ఆరోగ్యం

(యీషున్ కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమనగానే మనవాళ్లు చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ అంటారు. వాటి సంగతి చూడడానికి డాక్టర్లున్నారు. 2010 నుంచి మన యీషున్‌లోనే కూ టెక్ పువాట్ ఆసుపత్రి ఉంది. ఈ సాయంత్రం మేము చెప్పదలచినది పలకరింపును గురించి.

మన తాతలలో చాలామంది మలయా రబ్బరు తోటల్లో, లైను ఇళ్లలో కాపురమున్నవారు. అదేమీ సుఖమైన బతుకు కాదు. జ్వరాలు, చాలీచాలని కూలి. అయినా ఒక ఇంట పొయ్యి రాజకపోతే పక్కింటివారు వచ్చి "ఏమయిందమ్మా?" అని అడిగేవారు. ఈ యీషున్ కూడా ఒకప్పుడు తోటలే. రబ్బరు, అనాస వ్యాపారంలో పేరుపొందిన లిమ్ నీ సూన్ పేరే మాండరిన్ ఉచ్చారణలో యీషున్ అయింది. 1980లలో ఇక్కడ ఫ్లాట్లు లేచాయి. గోడకు గోడ ఆనుకునే ఉంది గాని పక్కింటి పొయ్యి కనబడదు.

నిరుడు మన పెద్దావిడ ఒకరు స్నానాలగదిలో జారిపడ్డారు. రోజూ ఏడింటికల్లా తలుపు తీసి, ఇనుప గేటు మాత్రం వేసుకుని కూర్చునే మనిషి. ఆనాడు పది గంటలయినా తలుపు తీయలేదని ఎదురింటి మలాయ్ ఆమె గమనించి, తట్టి చూసి, కొడుక్కి ఫోను చేసింది. ప్రాణం దక్కింది. మనకు ఈ కబురు మూడు వారాల తరువాత తెలిసింది. మన సభ్యుల జాబితాలో ఆమె పేరు మొదటి పేజీలోనే ఉంది.

ఆమె మన సభలకు రావడం ఎందుకు మానుకున్నదో కూడా అప్పుడే తెలిసింది. ఆమె తెలుగులో మలాయ్, తమిళం కలుస్తాయి. ఒకసారి ఎవరో నవ్వారట. ఎవరని మేము అడగలేదు. మేమే కావచ్చు.

పలకరింపు ఒట్టి మర్యాద కాదు. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో దాదాపు 7,000 మందిని తొమ్మిదేళ్లపాటు గమనించి, బర్క్‌మన్, సైమ్ అనే పరిశోధకులు 1979లో ఫలితాలు ప్రకటించారు. బంధుమిత్రుల రాకపోకలు తక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువ. పొగతాగడం వంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. ఒంటరితనంతో ముడిపడిన మరణాలు ఏటా సుమారు 8 లక్షల 71 వేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. నాకెవరూ లేరన్న దిగులు నిద్రను చెడగొడుతుంది, రక్తపోటును పెంచుతుంది. ఇంకొక దారి మరీ మామూలుది: మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషి ఉంటే వేసుకుంటాము, లేకుంటే రేపు చూద్దామంటాము.

మన ఆసుపత్రివారు 'షేర్ ఎ పాట్' అని ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. వృద్ధులు ఒకచోట చేరి, వ్యాయామం చేసి, సూపు కాచుకుని కలిసి తాగుతారు. అది ఎముకల సూపని మన శాకాహారులు వెనకాడవచ్చు. చారు పట్టుకుని వెళ్లినా ఎవరూ వద్దనరు లెండి!

మన పిల్లలకు ఇక్కడి బడిలో తెలుగు లేదు. తమిళమో హిందీయో చదివారు. సరిగా రాదన్న బిడియంతో ఇంట్లో ఉండిపోయేవారు ఇంకా ఎందరో. ఏడాదికొకసారి ఉగాదినాడు కలిస్తే వారి తలుపు తీసిందీ లేనిదీ మనకెలా తెలుస్తుంది?

గుమ్మం దగ్గర బల్లమీద ఒక నోటుపుస్తకం పెట్టాము. బ్లాకు నంబరు, ఫోను నంబరు, ఉదయం మీరు తలుపు తీసే వేళ రాయండి. వారానికొకసారి ఇద్దరేసి వచ్చి పలకరిస్తాము. తెలుగు రాకపోతే మలాయ్‌లోనే మాట్లాడుదాము. మొదటి పేరు ఆ పెద్దావిడదే. ఆమె మనుమరాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. వేళ: ఉదయం ఏడు.