విద్యకు ప్రయోజనమేమి?

"కోటి విద్యలూ కూటి కొరకే" అని మన పెద్దలు చెప్పిన సామెత ఒకటి ఉన్నది. విద్యను గురించి ఉపన్యసించువారు సాధారణముగా ఈ సామెతను ఈసడించి, విద్యకు అంతకంటె ఉన్నతమైన లక్ష్యములు ఉన్నవని చెప్పి ముందుకు సాగుదురు. నాకు అట్లు చేయుటకు మనసొప్పదు. బీదయింటి బిడ్డ నాలుగక్షరములు నేర్చి, ఉద్యోగము సంపాదించి, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు అన్నము పెట్టినచో అది విద్యకు కీర్తియే గాని అపకీర్తి కాదు. అయితే ఆ సామెతనే మనము ఒక మాట అడుగవచ్చును. ఎవరి కూటి కొరకు? చదివినవాని కూటికి మాత్రమేనా? పన్నులు చెల్లించి, పాఠశాలలు నిలబెట్టి అతనిని చదివించిన నలుగురికి అందులో భాగము లేదా? విద్య వ్యక్తి కొరకా, సంఘము కొరకా అన్న పెద్ద ప్రశ్న ఈ చిన్న ప్రశ్నలోనే ఇమిడి ఉన్నది.

దీనికి సిద్ధాంతములతో సమాధానము చెప్పుటకంటె ఒక ఉపాధ్యాయుని జీవితముతో చెప్పుట మేలు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా మనమందరము ఎరుగుదుము. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని ఆ ఉద్యమమునకు పూర్వమే ఆయన తలకెత్తుకొన్న మరియొక పనిని అంత తరచుగా తలచుకొనము.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్ర సమీపమున పర్వతాలపేటలో జన్మించినారు. పిన్నతనముననే తండ్రి గతించినారు. ఇరువదియేండ్లు నిండకమునుపే, 1880లో, 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. ఉద్యోగము చేయుచునే చదువుకొని 1886లో ఎఫ్.ఎ., ఆ పిదప బి.ఎ. పరీక్షలలో ఉత్తీర్ణులైనారు. ముఖలింగ దేవాలయములోని శాసనముల లిపిని స్వయంకృషితో నేర్చి చదివినారు. విద్య వలన ఒక వ్యక్తికి రాదగినవన్నియు ఆయనకు వచ్చినవి. జీవనోపాధి దొరికినది, పట్టము లభించినది, పండితుడన్న పేరు వచ్చినది. మనలో చాలమంది చదువు ఇక్కడికి ముగిసిపోవును.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగువలె ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబమునకు చెందినది. ఆనాడు వారికి తమ భాషలో బడి లేదు, చదువుకొనుటకు వాచకము లేదు. కొండ దిగి సంతకు వచ్చిన సవర తన పంటకు ధర అడుగవలెనన్నను, కచ్చేరిలో తన మొర వినిపించుకొనవలెనన్నను పరభాషలో తడుముకొనవలెను, లేదా మధ్యవర్తిని నమ్ముకొనవలెను. రామమూర్తిగారు తెలుగు తెలిసిన ఒక సవరను తమ యింట నుంచుకొని ఆ భాషను నేర్చుకొన మొదలిడినారు. ఏండ్ల తరబడి శ్రమించి ఆ భాషలో పుస్తకములు వ్రాసినారు. సొంత ధనముతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములిచ్చినారు. సవరలకు తమ యింటనే అన్నము పెట్టి చదువు చెప్పినారు. మద్రాసు ప్రభుత్వమువారు ఈ కృషికి మెచ్చి పారితోషికము ఇవ్వబోగా, ఆ ధనముతో సవరలకు మంచి బడి పెట్టి, తెలుగులో గాక వారి భాషలోనే పాఠములు చెప్పింపవలసినదని కోరినారు. మన్యములో తిరిగినందున వచ్చిన జ్వరమునకు క్వినైను మిక్కిలిగా వాడుట చేత ఆయనకు చెముడు వచ్చినదని చెప్పుదురు. పరుల మాట వినుటకు వెళ్లిన మనిషి తన వినికిడినే పోగొట్టుకొన్నాడు.

ఈ వృత్తాంతములో మనము గమనింపవలసిన విషయములు రెండు ఉన్నవి. మొదటిది, ఇక్కడ గురువే ముందుగా శిష్యుడైనాడు. తెలియని భాషలో పాఠము వినిన పిల్లవాడు పాఠముకంటె ముందు సిగ్గును నేర్చుకొనును. తన తల్లి మాట బడికి తగదనియు, తాను మందమతిననియు తలచును. అట్టి విద్య వానికి అక్షరములు ఇచ్చిన ఇయ్యవచ్చును గాని, వాని ధైర్యమును హరించును. పిల్లవాని మాటతోనే పాఠము ప్రారంభమైనచో, తనకు ఇదివరకే కొంత తెలియునన్న నమ్మకముతో వాడు తెలియనిదాని వైపు అడుగు వేయును. వ్యక్తికి విద్య చేయవలసిన మొదటి ఉపకారము ఇదియే.

రెండవది, ఇచ్చినది తిరిగి వచ్చినది. ఆయన రచించిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడి భాషాశాస్త్రమునకు అమూల్యములైనవి. అంతకంటె ముఖ్యమైన ఫలము తెలుగువారికి దక్కినది. పాఠశాలల పర్యవేక్షకులైన యేట్సు దొరతో కలిగిన పరిచయముతో రామమూర్తిగారి దృష్టి తెలుగు వాచకముల వైపు మరలినది. పిల్లవానికి వాని నోటి భాషకు దగ్గరగానుండు భాషలో చదువు చెప్పవలెనని సవర బడిలో ఆచరించిన సూత్రమునే తెలుగు బడికిని కోరినారు. నా యీ ప్రసంగములోని భాషను వినియుండినచో ఆయన నన్ను మందలించియుందురేమో! కొండమీది గుడిసె కొరకు చేసిన పని మైదానములోని లక్షల పిల్లలకు మేలుగా పరిణమించినది. సంఘమునకు విద్య ఈ విధముగా ఉపకరించును.

ఒక ఆక్షేపణ ఉన్నది. ఇంటి భాషలోనే చదువు చెప్పినచో బిడ్డ ఆ కొండకే పరిమితమైపోడా, పెద్ద లోకములో బ్రతుకుట ఎట్లు అని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. వారి భయము త్రోసిపుచ్చదగినది కాదు. సంతకు తెలుగు కావలెను, ఒరియా కావలెను, పై చదువునకు ఇంగ్లీషు కావలెను. సవర మాటలకు ఇంగ్లీషులో అర్థములు వ్రాసిన పండితుడు అన్య భాషలకు శత్రువు కాడు గదా. ఆయన చెప్పినది నిషేధము కాదు, క్రమము. ముందు సొంతయింటి గడప, తరువాత రాజమార్గము. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము కూడ, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో సాగవలెనని చెప్పుచున్నది. అయితే చట్టము వాచకమును అచ్చువేయింపగలదు గాని, పిల్లవాని మాట వినగల ఉపాధ్యాయుని తయారుచేయజాలదు. అతనిని తయారుచేయవలసినది విద్యయే.

పరీక్షా ఫలితములు వెలువడిన దినమున ఎన్ని మార్కులు వచ్చినవి, ఏ ఉద్యోగము దొరకును అని మనము అడుగుదుము. అడుగవలసినదే. ఆ బిడ్డ కొంత పెద్దవాడైన పిదప మరియొక ప్రశ్న కూడ అడుగుదము. నీవు చదివిన చదువు నీకు తప్ప ఇంకెవరికి అందినది? వాడు ఒక్కరి పేరైనను చెప్పగలిగినచో, కోటి విద్యలు కూటి కొరకే అన్న సామెతలో లోపమేమియు లేదు. ఆ కూడు నలుగురు పంచుకొన్న కూడు.