పక్క తీగ ఎవరి శ్రుతికి?

(నాందేడు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి సేవించి, పంచాంగ శ్రవణం ముగించి కూర్చున్న మీకు సంగీత శాస్త్రం బోధించాలనే ఉద్దేశం నాకు లేదు. మన భజనలకూ, పండుగలనాడు పిల్లలచేత పాడించే పాటలకూ అక్కరకు వచ్చే ఒక చిన్న సంగతి మనవి చేస్తాను. బ్యాంజో మీద పక్కగా మోగే తీగను పాడేవారి శ్రుతికి ఎట్లా మార్చుకోవాలి అన్నదే ఆ సంగతి. చూడబోతే తీగ విషయమే గాని, మన ఆడపడుచులూ పిల్లలూ నోరు విప్పి పాడడమా, మానుకోవడమా అన్నది కొంతవరకు దానిమీదనే ఆధారపడి ఉన్నది.

ఇక్కడ బ్యాంజో అనగానే మనకు తట్టేది గణపతి ఊరేగింపులోనూ పెండ్లి బరాతులోనూ వాయించే మీటల వాద్యం. దాని పేరు బుల్‌బుల్ తరంగ్. 1912లో జపానులోని నాగోయా నగరంలో గోరో మోరితా అనే ఆయన తైషోగోతో అనే వాద్యాన్ని తయారుచేశాడు. టైపు మిషను మీటలవంటి మీటను నొక్కితే అది తీగను అదిమిపడుతుంది; రెండవ చేతితో మీటితే స్వరం పలుకుతుంది. అదే మన దేశానికి వచ్చి బుల్‌బుల్ అయింది. మహారాష్ట్రంలో బ్యాంజో అనిపించుకున్నది.

అమెరికా బ్యాంజో వేరు. తోలు బిగించిన గుండ్రని బుర్రకు పొడుగాటి మెడ తగిలించిన వాద్యమది. ఆఫ్రికానుండి బానిసలుగా తరలింపబడినవారు తమ నాటి వాద్యాల జ్ఞాపకంతో అక్కడ తీర్చిదిద్దుకున్నారు.

ఈ రెండింటికీ ఒకచోట పోలిక ఉన్నది. అమెరికా బ్యాంజోలో అయిదవ తీగ తక్కినవాటికంటె పొట్టిది. దాని బిరడ మెడ ప్రక్కన, అయిదవ మెట్టు దగ్గర ఉంటుంది. బొటనవ్రేలితో మీటినప్పుడల్లా అది ఒకే స్వరం పలుకుతుంది. మన బుల్‌బుల్‌లో కూడా మీటల క్రింద పోయే తీగలు కొన్ని, మీటలకు అందకుండా పక్కగా పోయే శ్రుతి తీగలు కొన్ని ఉంటాయి. వీణ ఎరిగినవారికి ఇది మరీ తేలిక. నాలుగు తీగలు మెట్లమీదుగా పోతాయి. మూడు తాళపు తీగలు ప్రక్కన ఉండి షడ్జ పంచమాలు పలుకుతాయి.

చిక్కంతా ఇక్కడనే. పాడేవారు శ్రుతి పెంచితే మీటల తీగలకు బాధ లేదు. రెండు మీటలు పైనుంచి ఎత్తుకుంటే సరిపోతుంది. పక్క తీగ మాత్రం పాత శ్రుతినే పట్టుకొని కూర్చుంటుంది. పాట ఒక దారి, శ్రుతి ఒక దారి అవుతుంది.

అమెరికావారు దీనికి తమ ఉపాయాలు తాము కనిపెట్టారు. నాలుగు తీగలమీద అడ్డంగా బిగించే పట్టును కేపో అంటారు. దాన్ని రెండవ మెట్టు దగ్గర బిగిస్తే శ్రుతి రెండు మెట్లు పెరుగుతుంది. అయిదవ తీగ దానికి అందదు గనుక, కొందరు దాని బిరడను తిప్పి బిగిస్తారు. కొందరు ఏడవ, తొమ్మిదవ మెట్ల దగ్గర బొమ్మ రైలుపట్టాలకు వాడేటంత సన్నని మేకులు దిగగొట్టి, తీగను వాటి క్రింద తగిలిస్తారు. మరికొందరు మెడ ప్రక్కన జరిగే చిన్న పట్టును అమర్చుకుంటారు. పీట్ సీగర్ (1919–2014) అనే గాయకుడు తన గొంతుకు అనుకూలంగా శ్రుతి దించుకోవడానికి బ్యాంజో మెడనే మూడు మెట్లు పొడుగు చేయించుకున్నాడు. గొంతుకోసం వాద్యాన్ని మార్చడంలో తప్పేమీ లేదని ఆయన గ్రహించాడన్నమాట.

మన బుల్‌బుల్‌కు ఏ దారి మంచిది? మూడున్నాయి.

మొదటిది బిరడ తిప్పడం. తీగను ఒక్క స్వరం, అంటే రెండు మీటల మేర పెంచితే దాని బిగువు సుమారు నాలుగవ వంతు పెరుగుతుంది. మంచి తీగ దానికి ఓర్చుకుంటుంది. అదే తీగను షడ్జమంనుంచి పంచమానికి లాగితే బిగువు రెండింతలు దాటుతుంది; తీగ తెగి ముఖాన కొట్టినా కొట్టవచ్చు. కనుక బిరడతో ఒక్క స్వరానికి మించి పెంచవద్దు. ఎప్పుడూ తక్కువ శ్రుతినుంచి పైకి తెస్తూ చేర్చండి; అప్పుడు తీగ వదులు కాకుండా నిలుస్తుంది.

రెండవది చిన్న గుర్రం. మీటే చేతికి అవతలి కొసన గట్టి కర్రముక్కను సన్నగా చెక్కి తీగ క్రింద దూర్చడం. తీగ పొడుగులో తొమ్మిదవ వంతును ఆపితే స్వరం సరిగా రెండు మీటలు పెరుగుతుంది. తీగ 18 అంగుళాలైతే గుర్రం 2 అంగుళాల దగ్గర ఉండాలి. తీగను మరీ పైకి ఎత్తకుండా, అది గట్టిగా ఆనేటంత ఎత్తు చాలు. దీన్ని తీస్తే పాత శ్రుతి తిరిగి వస్తుంది. అయితే ఇది పెంచడానికే గాని దించడానికి పనికిరాదు.

మూడవది, పక్క తీగలను గుడ్డతో అణచి, తంబురానో శ్రుతిపెట్టెనో ఆశ్రయించడం. అదీ మర్యాదగల దారే.

ఆడవారి శ్రుతి మగవారి శ్రుతికి చాలా దూరం గదా, ఒక్క స్వరం మార్చినంత మాత్రాన ఏమవుతుందని మీరడగవచ్చు. అసలు కీలకం ఇదే, దయచేసి ఆలకించండి. మగవారు ఒకటో శ్రుతిలో పాడుతున్నారనుకోండి. శ్రుతి తీగలు షడ్జమంలో ఒకటి, పంచమంలో ఒకటి ఉన్నవి. ఒక అమ్మగారికి అయిదో శ్రుతి కావాలి. ఒకటో శ్రుతి పంచమమే అయిదో శ్రుతి షడ్జమం. కనుక పంచమ తీగను ముట్టనక్కరలేదు. పాత షడ్జమ తీగను రెండు మీటల మేర పెంచితే అది కొత్త పంచమం. మరొక అమ్మాయికి నాలుగో శ్రుతి కావాలి. అప్పుడు షడ్జమ తీగ కదలదు. అదే కొత్త పంచమం అవుతుంది. పాత పంచమ తీగను రెండు మీటల మేర దించితే కొత్త షడ్జమం. ఎటు పోయినా కదలవలసింది ఒక స్వరపు తీగలే!

ఇది కొత్త విద్య కాదు. పున్నాగవరాళి, నవరోజు వంటి రాగాలను మధ్యమ శ్రుతిలో పాడేటప్పుడు మన గాయకులు తంబురా పంచమ తీగను మధ్యమానికి దించుకోవడం అనాదిగా ఉన్నదే.

అందుచేత ముందు స్త్రీల శ్రుతి నిర్ణయించండి. దానికి తగినట్టు మగవారు సర్దుకోండి. ఆమెకు అయిదున్నర కావాలంటే మీరు ఒకటిన్నరలో పాడండి. ఆమెకు ఆరు అయితే మీకు రెండు. ఆమెకు నాలుగున్నర అయితే మీకు ఒకటిన్నరే. పెట్టె వాయించే మరాఠీ మిత్రునికి ఈ అంకెలు చెబితే తికమక పడతాడు. మన ఒకటి ఆయనకు పాంఢరీ ఎక్. మన ఒకటిన్నర కాళీ ఎక్. మన అయిదు పాంఢరీ పాంచ్. మన అయిదున్నర కాళీ చార్. మనం తెల్లమెట్టుకు అర కలిపి నల్లమెట్టును లెక్కిస్తాం; వారు నల్లవాటిని విడిగా లెక్కిస్తారు.

పాటపాటకూ శ్రుతి మారిస్తే భజన రసాభాస కాదా అని కొందరు పెద్దలంటారు. వారి మాటలో నిజం ఉన్నది. దానికి విరుగుడు వరుస. మగవారి పాటలన్నీ ముందు, తరువాత ఒక్కసారి శ్రుతి మార్పు, ఆపైన స్త్రీల పాటలు, పిల్లల పాటలు. హారతి పళ్ళెం సిద్ధం చేసే వ్యవధిలో తీగ మార్చవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే, శ్రుతి ఎప్పుడూ మగగొంతుకే బిగించి ఉంటే ఆడపిల్ల క్రిందికి పోతే మాట వినబడదు, పైకి పోతే గొంతు చీలుతుంది. రెండుమూడు వారాలు చూసి తాళాలు పుచ్చుకొని వెనుక కూర్చుంటుంది. సంగీతం రాదని మనమే పేరు పెడతాం. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన ఈ జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు తెలుగు నేటికీ వినబడుతుంది. పట్టణంలో మన పిల్లలకు బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు అక్షరాలు రాని పిల్లకు తెలుగు మాట నోట నిలిచేది పాటలోనే. ఆ పాటకూడా అందని శ్రుతిలో పెడితే ఆమెకు మిగిలేదేమిటి?

నా విన్నపం ఒక్కటే. సంఘం భజన పుస్తకంలో ప్రతి పాట ప్రక్కన పాడేవారి పేరూ, శ్రుతి అంకే వ్రాసి ఉంచండి. పదమూడు పద్నాలుగేండ్ల మగపిల్లలకు గొంతు మారుతుంది. పెద్దవారికి వయసుతో దిగుతుంది. కాబట్టి ఉగాది ఉగాదికి ఆ అంకెలను సరిచూసి దిద్దండి. ఈ ఏటి దిద్దుబాటు ఈ సాయంత్రమే, వెనుక వరుసలో కూర్చున్న ఆడపిల్లలతో మొదలుపెట్టవలసిందిగా భజన నిర్వాహకులను కోరుతున్నాను.