మాట సాక్ష్యంగా మారే చోటు

న్యాయశాస్త్ర పట్టభద్రులారా,

2017 ఫిబ్రవరి 22 రాత్రి, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతా పట్టణంలోని ఒక బార్‌లో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ‘నా దేశం నుంచి పొండి’ అని అరిచాడు. బార్‌లో ఉన్నవాళ్లు విన్న ఆ మాట హైదరాబాదులోని అతని తల్లిదండ్రుల గుండెల్లో దిగబడింది. ద్వేషం అక్కడ తనకు తానే సాక్షి. నిందితుడు నేరం ఒప్పుకున్నాడు, యావజ్జీవ ఖైదు పడింది.

ప్రతి హంతకుడూ అలా అరవడు.

2020 ఫిబ్రవరి 23న జార్జియాలో జాగింగ్‌కు వెళ్లిన 25 ఏళ్ల నల్లజాతి యువకుడు అహ్మాద్ ఆర్బరీని ముగ్గురు తెల్లవాళ్లు పికప్ ట్రక్కుల్లో వెంటాడారు. వాళ్లలో ఒకడు కాల్చి చంపాడు. 2021 నవంబరులో రాష్ట్ర కోర్టులో ముగ్గురిపైనా హత్యానేరం రుజువైంది. అందుకు జాతి ద్వేషాన్ని నిరూపించనక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఫెడరల్ కోర్టులో జరిగిన ద్వేషనేర విచారణలో మాత్రం అసలు ప్రశ్నే అది: నల్లవాడు కాబట్టే వెంటాడారా?

ఎఫ్‌బీఐ విశ్లేషకురాలు బోనెక్కి నిందితుల పాత మెసేజ్‌లు, ఫేస్‌బుక్ రాతలు జ్యూరీ ముందు పెట్టింది. ఒక నల్లజాతి మనిషి తెల్లమనిషిని ఆటపట్టించిన వీడియో కింద, తానైతే వాణ్ణి చంపేసేవాణ్ణని ఒకడు 2018లో బూతు జోడించి రాశాడు. ఇంకొకడు, కూతురు నల్లజాతి అబ్బాయితో తిరుగుతోందని హత్యకు కొద్ది రోజుల ముందే మెసేజ్‌లలో మండిపడ్డాడు. ఆ మాటలు అసహ్యమైనవేనని డిఫెన్సు ఒప్పుకుంది. కానీ నిర్మాణంలో ఉన్న ఇంట్లోకి ఆర్బరీ వెళ్లాడు కాబట్టి దొంగ అనుకునే వెంటపడ్డారని వాదించింది. జ్యూరీ ఆ వాదన నమ్మలేదు. 2022 ఫిబ్రవరి 22న ముగ్గురినీ దోషులుగా తేల్చింది.

భావప్రకటన స్వేచ్ఛ ఈ సాక్ష్యానికి అడ్డు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1993లోనే, విస్కాన్సిన్ వర్సెస్ మిచెల్ కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. ఉద్దేశాన్ని నిరూపించడానికి నిందితుడి మాటలు వాడుకోవచ్చు. ఆ కేసులో నిందితుడు నల్లజాతివాడు, దెబ్బలు తిన్నది తెల్లజాతి కుర్రాడు. ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి. ఈ సూత్రం ఏ ఒక్క జాతి పక్షమూ కాదు.

అంతకు ఏడాది ముందే, డాసన్ కేసులో అదే కోర్టు హద్దు గీసింది. నిందితుడు తెల్లజాతి ఆధిపత్య ముఠా సభ్యుడని మరణశిక్ష విచారణలో జ్యూరీకి చెప్పారు. హతురాలూ తెల్లజాతి మనిషే. ఆ సభ్యత్వానికీ హత్యకూ సంబంధమే లేదు. అలాంటి సాక్ష్యం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. నిందితుడు ఎంత నీచుడైనా, అతని అభిప్రాయాలకు శిక్ష వెయ్యడం న్యాయం కాదు.

మన దగ్గర కులం, భాష, పుట్టిన చోటు ఆధారంగా ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి చేసే హత్యను భారతీయ న్యాయ సంహిత 103(2) ప్రత్యేకంగా పేర్కొంది. ఆ కేసుల్లో వాట్సాప్ స్క్రీన్‌షాట్లు కట్టలు కట్టలుగా మీ ముందుకొస్తాయి. వాటిని జడ్జి చేతికిచ్చే ముందు భారతీయ సాక్ష్య అధినియమం 12వ సెక్షన్ వివరణ చదవండి: ద్వేషం లాంటి మనస్థితి మొత్తం మీద ఉందని చూపిస్తే చాలదు, విచారణలో ఉన్న ఆ ఫలానా విషయం పట్ల ఉందని చూపాలి.