చదవడం ఒక్కటే, రీడ్ వేరు స్టడీ వేరు

ఆళ్లగడ్డ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో చదువుకీ, జ్ఞాపకశక్తికీ సంబంధించిన ఇంగ్లీషు మాటలు నేర్చుకుందాం. పెన్ను, పేపరు దగ్గర పెట్టుకోండి, చివర్లో మీకొక పని ఉంది.

టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, నంద్యాలకు పోయి ఇంటర్‌లోనో డిగ్రీలోనో చేరిన పిల్లలు నాతో తరచూ ఒక మాట అంటుంటారు. "సార్, నాకు జ్ఞాపకశక్తి తక్కువ. ఇంగ్లీషు నాకు రాదు." అని చెప్పి ఆ ప్రయత్నమే మానేస్తారు. నేను మాత్రం ఒప్పుకోను. సినిమా డైలాగులన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లాడికి జ్ఞాపకశక్తి తక్కువ ఎట్లా అవుతుంది? అసలు చిక్కు వేరే ఉంది. తెలుగులో ఒక్క మాటతో సరిపోయే చోట ఇంగ్లీషు రెండు మూడు మాటలు అడుగుతుంది.

ముందు "చదవడం" చూడండి. పేపరు చదువుతున్నా, డిగ్రీ చదువుతున్నా అంటాం. మనకు రెండూ చదవడమే. ఇంగ్లీషులో పేపరుకు రీడ్, డిగ్రీకి స్టడీ. కాబట్టి ఇంటర్వ్యూలో "ఐయామ్ రీడింగ్ డిగ్రీ" అనొద్దు, "ఐయామ్ స్టడీయింగ్ ఫర్ ఎ డిగ్రీ" అనండి.

రెండోది "గుర్తు". గుర్తుంచుకోవడం రిమెంబర్. గుర్తుచేయడం రిమైండ్. గుర్తుపట్టడం రికగ్నైజ్. గుర్తుతెచ్చుకోవడం రీకాల్. మనం గుర్తు అనే మాటను అట్లాగే ఉంచి, దాని పక్క మాటను మారుస్తాం. ఇంగ్లీషులో మొత్తం మాటే మారిపోతుంది. "రేపు నాకు గుర్తుచెయ్" అనాలంటే "రిమైండ్ మీ టుమారో". అక్కడ రిమెంబర్ పనికిరాదు.

మూడోది బట్టీ పట్టడం. "బైహార్ట్ చేశాను" అని మనమందరం అంటాం. మన దేశంలో అది చెల్లుతుంది గానీ, బయటివాళ్లతో "ఐ లెర్న్‌డ్ ఇట్ బై హార్ట్" అనండి, లేదా "ఐ మెమరైజ్డ్ ఇట్" అనండి. భలే తేడా చూడండి, పద్యం మనకైతే నోటికొస్తుంది, వాళ్లకైతే గుండెకెక్కుతుంది! పరీక్ష ముందురోజు రాత్రి కూర్చుని అన్నీ బుర్రలో కుక్కుకోవడం క్రామ్. చదివిందే పరీక్ష కోసం మళ్లీ చూసుకోవడం రివైజ్, అమెరికాలో దాన్నే రివ్యూ అంటారు. ఎప్పుడో నేర్చుకుని వదిలేసినదానికి మళ్లీ పదును పెట్టడం బ్రష్ అప్.

ఇంకొకటి. పుస్తకం ఇంట్లో మర్చిపోయాను అనాలంటే "ఐ లెఫ్ట్ మై బుక్ ఎట్ హోమ్". ఎక్కడ మర్చిపోయామో చెప్పేటప్పుడు ఫర్గెట్ కన్నా లీవ్ వాడటం మంచిది.

సరే, ఈ మాటలు నిలబడేదెట్లా? జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాలను తానే బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోయింది. అంటే మర్చిపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు, మనిషి బుర్ర తీరే అంత.

దీనికి మందు కూడా ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చూడండి, తయారైన విగ్రహాన్ని వందసార్లు చూసినంత మాత్రాన ఎవరికీ పని రాదు, ఉలి చేతబట్టాల్సిందే.

ఇప్పుడు మీ పని. ఈ వీడియో ఆపేసి, నేను చెప్పిన మాటల్లో గుర్తున్నవి రాయండి. రేపు పొద్దున ఇంకోసారి. నంద్యాల బస్సెక్కితే శిరివెళ్ల దాటేలోపు ఫోన్ చూడకుండా మనసులోనే ఒకసారి. ఏదైనా మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయిందా? ఇంగ్లీషులోనూ అట్లాగే అంటారు, "ఇట్స్ ఆన్ ద టిప్ ఆఫ్ మై టంగ్". వెంటనే పేపరు తెరవొద్దు, ఒక్క నిమిషం వెతుక్కోండి. అట్లా వెతుక్కున్న మాటే నిలబడుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.